యాప్‌లో అన్నీ పచ్చ టిక్కులే.. మరి మా పాపకి సైన్స్ అంటే భయమెందుకు?

జనవరిలో ఒక సాయంత్రం. నేను పప్పుకి తాలింపు వేస్తున్నాను. ఏడో తరగతి చదివే మా పాప డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని స్కూల్ ఫారం నింపుతోంది. ఎనిమిదో తరగతిలో ఏ ఎలెక్టివ్‌లు కావాలో అందులో టిక్ పెట్టాలి. వెళ్లి చూస్తే, రోబోటిక్స్ అన్న లైను మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత కొట్టేసి ఉంది. రెండేళ్ల క్రితం దాకా ఇల్లంతా లెగో ముక్కలతో నింపేసి, నా కాళ్లకి గుచ్చుకునేలా చేసిన పిల్ల!

“ఇదేంటి తల్లీ?” అన్నాను.

“ఐ యామ్ నాట్ ఎ సైన్స్ పర్సన్, అమ్మా. అది సైన్స్ వచ్చినవాళ్లకి,” అంది తల ఎత్తకుండానే.

నిజం చెప్పాలంటే ముందు నాకు కోపం వచ్చింది. నేను బీఎస్సీ ఎం.పి.సి. చదివాను. ఇక్కడ న్యూజెర్సీకి వచ్చాక ఇల్లు, పిల్లలతోనే సరిపోయింది కానీ, నా కూతురికి సైన్స్ రాకపోవడం ఏమిటన్న అహం లోపల ఉంది. దానికి తోడు మన పాట్‌లక్కుల్లో మాటలు మీకు తెలియనివా? “మీ పాప సైన్స్ ఒలింపియాడ్‌లో ఉందా? మావాడు స్టేట్స్‌కి వెళ్తున్నాడు” అంటుంటే, నవ్వి పులిహోర గిన్నె పక్కకి జరిగిన రోజులు నాకూ ఉన్నాయి.

ఆ రాత్రి స్కూల్ పోర్టల్ తెరిచి చూశాను. సైన్స్ హోంవర్క్ యాప్‌లో 94 శాతం. అన్నీ పచ్చ టిక్కులే. అదే పాఠం మీద క్లాసులో పెట్టిన యూనిట్ టెస్టులో మాత్రం 61. యాప్‌లో అంత బాగా చేసే పిల్ల కాగితం మీద ఎందుకు తడబడుతోంది? ఫారం ఇవ్వడానికి ఫిబ్రవరి నెలాఖరు దాకా గడువుంది. ఈలోపు ఈ సంగతేంటో చూద్దామనుకున్నాను. ఆ ఆరేడు వారాల్లో నాకు తెలిసింది మీతో పంచుకుందామనే ఇది రాస్తున్నాను. మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఇదే దారిలో ఉన్నారని నా అనుమానం.

వారం రోజులు పక్కన కూర్చుంటే తెలిసింది

మొదట చేసింది ఒక్కటే. ఏమీ అనకుండా, బీన్స్ తుంచుకుంటూ, రోజూ పాప పక్కన కూర్చున్నాను. పది ప్రశ్నలు ఏడు నిమిషాల్లో అయిపోతున్నాయి. ప్రశ్న పూర్తిగా చదవదు. ఒక ఆప్షన్ నొక్కుతుంది. ఎర్రగా వస్తే హింట్. ఇంకో హింట్. మూడో హింట్‌లో జవాబు దాదాపు చెప్పేస్తుంది. నొక్కగానే పచ్చ టిక్కు, కాన్ఫెటీ రాలుతుంది. తర్వాత ప్రశ్న.

పాపది తప్పని అనలేను. ఆ ఆట నియమాలు తను బాగానే పట్టేసింది. టిక్కు తెచ్చుకోవడం నేర్చుకుంది, కరెంటు గురించి నేర్చుకోలేదు. ఆ సంగతి తనకీ తెలుసు. అందుకే టెస్టు అనగానే కడుపులో నొప్పి. “యాప్ ఉంటే వస్తుంది, లేకపోతే రాదు. అంటే నాకు రానట్టే కదా,” అంది ఒకరోజు. పదమూడేళ్లు కూడా నిండని పిల్ల ఎంత సరిగ్గా చెప్పిందో చూడండి.

వీడియోలదీ ఇదే కథ. చక్కగా బొమ్మలు వేసి చెప్పే వీడియో చూస్తున్నంతసేపూ తల ఊపుతుంది. “ఈజీ” అంటుంది. మూసేసి, “ఇప్పుడు నాకు చెప్పు” అంటే మౌనం. దీని మీద డెరెక్ ముల్లర్ చేసిన పరిశోధన ఉంది. మన పిల్లలు చాలామంది చూసే వెరిటాసియం ఛానల్ మొదలుపెట్టింది ఆయనే. దానికి ముందు 2008లో సిడ్నీ యూనివర్సిటీలో ఆయన పీహెచ్‌డీ చేసింది ఫిజిక్స్ వీడియోల మీదే. పాఠాన్ని శుభ్రంగా, తేలిగ్గా చెప్పిన వీడియో చూసిన విద్యార్థులు చాలా స్పష్టంగా ఉందన్నారు, తమ జవాబుల మీద వాళ్లకి నమ్మకం కూడా పెరిగింది. కానీ మార్కులు పెద్దగా మారలేదు. పిల్లల్లో మామూలుగా ఉండే తప్పుడు ఊహలను ముందు బయటికి తీసి, తర్వాత అవెందుకు తప్పో చూపిన వీడియో మాత్రం గందరగోళంగా ఉందన్నారు. నేర్చుకున్నది ఎక్కువ వాళ్లే.

అంటే నమ్మకం రెండు రకాలు. చూస్తుంటే ‘తెలిసినట్టు అనిపించే’ నమ్మకం ఒకటి. ఎవరూ పక్కన లేకపోయినా ‘నేను తేల్చుకోగలను’ అనే ధైర్యం ఇంకొకటి. మా పాపకి మొదటిది రోజూ దొరుకుతోంది. రెండోది అసలు లేదు.

ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

ఈ రెండో ధైర్యం గురించి ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో ఒక సిద్ధాంతం చెప్పారు. ఆయన స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేశారు. ఒక పని నేను చేయగలనన్న నమ్మకం నాలుగు దారుల్లో వస్తుందన్నారు. మన ఇంటి భాషలో చెప్తాను.

ఒకటి, కష్టపడి స్వయంగా చేసి చూసిన అనుభవం. రెండు, నాలాంటి వాళ్లే ఇంకొకరు చేస్తుంటే చూడడం. మూడు, నమ్మదగిన వాళ్లు నువ్వు చేయగలవని చెప్పడం. నాలుగు, ఆ పని తలుచుకోగానే ఒంట్లో కలిగే కంగారు లేదా నెమ్మది. వీటిలో అన్నిటికంటే బలమైనది మొదటిదే.

ఇది చదివాక నా పొరపాటు అర్థమైంది. నేను వాడుతున్నది మూడోది ఒక్కటే. “నువ్వు స్మార్ట్ కదా, నీకు వస్తుంది” అని రోజూ చెప్తున్నాను. చేసిన అనుభవం లేని చోట ఆ మాట నిలవదు. పైగా, రాకపోతే ‘స్మార్ట్ కాదేమో’ అన్న భయం కూడా నేనే పెడుతున్నాను. వంటే చూడండి. వంద వీడియోలు చూసినా రాని ధైర్యం, ఒకసారి ఉప్పు ఎక్కువైన సాంబారుని మనమే సరిచేసుకుంటే వస్తుంది.

అలాగని యాప్‌లు, కంప్యూటర్ అన్నీ తీసేయాలా? అక్కర్లేదు. టెక్నాలజీ జవాబు ఇచ్చేస్తోందా, లేక పిల్ల తన ఊహని పరీక్షించుకునే చోటు ఇస్తోందా అన్నది చూడాలి. మా ఇంట్లో ఆ తేడా రెండు బల్బులతో తెలిసింది.

రెండు బల్బుల కథ

ఫెట్ అని ఒక ఉచిత వెబ్‌సైట్ ఉంది. ఫిజిక్స్‌లో 2001 నోబెల్ బహుమతి పంచుకున్న కార్ల్ వీమన్, 2002లో కొలరాడో యూనివర్సిటీ, బౌల్డర్‌లో దీన్ని మొదలుపెట్టారు. సైన్స్, లెక్కల సిమ్యులేషన్లు ఉంటాయి. చాలావాటిలో పాయింట్లు, కాన్ఫెటీ ఉండవు. అందులో కరెంటు సర్క్యూట్లు కట్టుకునే సిమ్యులేషన్ తెరిచి, పాప ముందు పెట్టాను. వైర్లు, బ్యాటరీ, బల్బులు లాగి కలుపుకోవడమే.

మౌస్ ముట్టుకునే ముందు ఒక కాగితం ఇచ్చాను. “ఒక బ్యాటరీ. ఒకే దారిలో, ఒకదాని తర్వాత ఒకటి రెండు బల్బులు. ఏది ఎక్కువ వెలుగుతుంది? ఎందుకు? రాసి మడిచి పెట్టు. తప్పైనా ఎవరూ ఏమీ అనరు.”

పాప రాసింది ఇది: మొదటి బల్బు ఎక్కువ వెలుగుతుంది, ఎందుకంటే అది కొంత కరెంటు వాడేసుకుంటుంది, మిగిలిందే రెండోదానికి వెళ్తుంది. చాలామంది పిల్లలు ఇలాగే అనుకుంటారు. పెద్దవాళ్లూ అనుకుంటారు. మావారు సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టు, ఆయనా అదే అన్నారు!

కట్టి చూసింది. రెండు బల్బులూ సమానంగా వెలిగాయి. బ్యాటరీ 9 వోల్టులు, ఒక్కో బల్బు నిరోధం 10 ఓమ్‌లు అనుకోండి. ఒక్క బల్బే ఉన్నప్పుడు అమ్మీటర్‌లో 0.9 ఆంపియర్లు. రెండోది కలిపాక 0.45. మొదటి బల్బు ముందు పెట్టినా, రెండింటి మధ్య పెట్టినా, చివర పెట్టినా అదే 0.45. పాప ఆ మీటరు అటూ ఇటూ ఎన్నిసార్లు జరిపిందో లెక్కలేదు.

“మరి బల్బు ఏం తింటోంది?” అని అడిగింది. మొదటిసారి ప్రశ్న తన నోటి నుంచి వచ్చింది.

సైకిల్ గొలుసుతో చెప్పాను. పెడల్ తొక్కితే గొలుసు మొత్తం ఒకే వేగంతో కదులుతుంది. చక్రం దగ్గర గొలుసు అరిగిపోయి తగ్గదు, శక్తి మాత్రం చక్రానికి అందుతుంది. కరెంటు గొలుసు లాంటిది. బల్బు తీసుకునేది శక్తిని. రెండో బల్బు పెట్టడమంటే సైకిల్‌కి ఇంకో బరువు కట్టడం. గొలుసు అంతటా నెమ్మదిస్తుంది. అందుకే కరెంటు సగమైంది. 9 వోల్టులు కూడా చెరి 4.5గా పంచుకున్నాయి. సగం కరెంటు, సగం వోల్టేజీ కాబట్టి ఒక్కో బల్బుకి అందే పవర్ నాలుగో వంతే. ముందు 8.1 వాట్లు, ఇప్పుడు సుమారు 2. అందుకే అంత మసకబారింది. ఈ లెక్క తనే వేసుకుంది. హింట్ లేదు.

కాగితం విప్పి, రాసిన దాని పక్కన “తప్పు, ఎందుకంటే..” అని తనే రాసింది. ఆ ‘ఎందుకంటే’ చూసి నాకు సంతోషం వేసింది. ముందు ఊహించి రాయడం, చూడడం, తేడా ఎందుకో చెప్పడం. ఈ మూడు మెట్ల పద్ధతి సైన్స్ టీచర్లకి కొత్తదేమీ కాదు. ఇంట్లో మనమే మర్చిపోతాం.

నిజం బల్బులు మాట వినలేదు

స్క్రీన్ మీద చూసింది చేత్తో చేస్తే బాగుంటుందని, రెండు డబుల్ ఏ బ్యాటరీలు, ఒక హోల్డరు, పాతకాలం టార్చిలో ఉండే చిన్న ఫిలమెంట్ బల్బు తెప్పించాను. రెండో బల్బు గరాజ్‌లో పడి ఉన్న పాత టార్చిలోంచి తీశాం. కలిపాం. మొదటి బల్బు బాగా వెలిగింది. రెండోది మసకగా ఉంది.

“చూశావా! నేనే కరెక్ట్! నీ సిమ్యులేషన్ అబద్ధం!” అని పాప ఎగిరింది. వాళ్ల తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

నాకు చెమట పట్టింది. ఎందుకలా అయిందో ఆ క్షణం నాకు తోచలేదు. చెయ్యి ఫోన్ మీదకి వెళ్లింది. కానీ ఆపుకుని, “నాకూ తెలియడం లేదు తల్లీ. ఎలా తేల్చుకుందాం?” అన్నాను. సైన్స్ విషయంలో నా పిల్లల ముందు ‘నాకు తెలియదు’ అనడం బహుశా అదే మొదటిసారి.

కాసేపు ఇద్దరూ దాని చుట్టూ తిరిగారు. చివరికి పాపే అంది, “బల్బులు అటుదిటు మార్చి చూద్దాం. ప్లేస్ వల్ల అయితే మొదట ఉన్నదే బ్రైట్‌గా ఉండాలి. బల్బు వల్ల అయితే ఇదే డల్‌గా ఉంటుంది.” మార్చింది. ఇప్పుడు మొదటి చోట ఉన్నది మసకగా, రెండో చోట ఉన్నది బాగా వెలిగాయి. అంటే తేడా చోటులో లేదు, బల్బుల్లోనే ఉంది. రెండూ వేర్వేరు రకాలు. ఒకే కరెంటు పోతున్నప్పుడు నిరోధం ఎక్కువ ఉన్న బల్బు ఎక్కువ వెలుగుతుంది. సిమ్యులేషన్‌లో రెండూ ఒకేలాంటి బల్బులు కాబట్టి సమానంగా వెలిగాయి.

ఆ పరీక్ష నేను చెప్పలేదు, యాప్ చెప్పలేదు. తనే ఆలోచించుకుంది. ఆ రాత్రి వాళ్ల నాన్న ఆఫీసు నుంచి రాగానే షూ కూడా విప్పనివ్వకుండా లాక్కెళ్లి చూపించింది. బందూరా చెప్పిన మొదటి దారి అంటే ఏమిటో నాకు అప్పుడు కళ్లకి కట్టింది.

శనివారం వీడియో కాల్‌లో వాళ్ల అమ్మమ్మకి ఇదంతా తెలుగులో చెప్పమన్నాను. వచ్చీరాని తెలుగులో చెప్తుంటే మా అమ్మ అంది, “దసరా పందిట్లో సీరియల్ సెట్లు పెట్టేవాళ్లు కదమ్మా, ఒక్క బల్బు మాడితే వరసంతా ఆరిపోయేది. దీపాలాయన ఒక్కోటీ పీకి చూసుకునేవాడు పాపం.” పాప ఒక్క నిమిషం ఆగి, “అమ్మమ్మా, అవి సిరీస్! ఒకటే దారి కదా, ఒకటి పోతే దారి కట్. ఇంట్లో లైట్లు అలా కాదు, అవి పారలల్” అని అరిచింది. మా అమ్మ ఏడో క్లాసుతో చదువు ఆపేసింది. మనవరాలు తనకి సైన్స్ చెప్తోందని ఆ వారమంతా వీధిలో చెప్పుకుంది. ఇంకొకరికి చెప్పగలిగితేనే మనకి వచ్చినట్టు. ఫెట్‌లో భాషల జాబితాలో తెలుగు కూడా ఉంది, అమ్మమ్మలకి చూపించడానికి పనికొస్తుంది.

పాయింట్లు, స్ట్రీకులు

మా బాబు రెండో తరగతి. వాడికి ఇంకో యాప్‌లో స్ట్రీక్ ఉంది. ప్రయాణంలో ఉన్న రోజు అది తెగిపోతుందని ఎయిర్‌పోర్టులో ఏడ్చాడు. ఏం నేర్చుకున్నావంటే చెప్పలేడు.

1973లో మార్క్ లెప్పర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు నర్సరీ పిల్లలతో ఒక ప్రయోగం చేశారు. రంగు మార్కర్లతో బొమ్మలు వేయడం ఇష్టపడే పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి ‘బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తాం’ అని ముందే చెప్పారు. కొందరికి వేశాక అనుకోకుండా ఇచ్చారు. కొందరికి అసలు ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత మార్కర్లు ఊరికే అందుబాటులో పెట్టి చూస్తే, ముందే బహుమతి మాట విన్న పిల్లలు మిగతా ఇద్దరికంటే వాటి జోలికి తక్కువ వెళ్లారు. ఇష్టంగా చేసే పనికి ముందే వెల కడితే, వెల లేనప్పుడు ఆ ఇష్టం తగ్గిపోయింది.

నేను స్కూల్ యాప్ మాన్పించలేదు, అది వాళ్ల గ్రేడులో భాగం. రెండు మార్పులు మాత్రం చేశాం. స్కోరు గురించి ఇంట్లో అడగడం మానేశాను. “ఇవాళ నిన్ను ఇరికించిన ప్రశ్న ఏది?” అని అడుగుతున్నాను. రెండోది, హింట్ నొక్కే ముందు కాగితం మీద ఒక్క వాక్యం రాయాలి, నేను ఎక్కడ ఆగిపోయాను అని. మొదట గొణిగింది. తర్వాత ఆ వాక్యం రాస్తుండగానే జవాబు తట్టడం మొదలైంది.

టీచర్‌కి కూడా ఒక ఈమెయిల్ రాశాను. గ్రేడు పెంచమని కాదు, పాప ఎలా చేస్తోందో తెలుసుకోవాలని. ప్రతి ప్రశ్న మీద ఎన్ని సెకన్లు గడిపిందో, ఎన్ని హింట్లు వాడిందో టీచర్ డాష్‌బోర్డులో కనబడుతుందట. మనకి కనిపించేది చివరి శాతం మాత్రమే. మీరూ అడిగి చూడండి. స్కూల్ మొదలయ్యే ముందు వచ్చి సందేహాలు అడగొచ్చని కూడా ఆవిడే చెప్పారు.

ఏఐ విషయంలో మా ఇంట్లో నియమం

ఇది రాయకపోతే అసలు సంగతి వదిలేసినట్టే. డిసెంబరులో ఒక ల్యాబ్ రిపోర్టుకి ముగింపు పాప ఏఐతో రాయించిందని నాకు తర్వాత తెలిసింది. తనే చెప్పింది. “నేను రాస్తే డంబ్‌గా ఉంటుంది, అది రాస్తే బాగుంటుంది” అంది. దొంగతనం అని తిట్టబోయి ఆగాను. ఆ మాటలో బద్ధకం కంటే భయమే ఎక్కువ ఉంది. తన బుర్ర మీద నమ్మకం లేని పిల్ల ఇంకొకరి బుర్రని అరువు తెచ్చుకుంటుంది.

ఏఐ యాప్‌లలో చాలావాటికి కనీస వయసు 13 అని నిబంధన ఉంటుంది. అందుకే మా ఇంట్లో నా అకౌంట్‌లో, నా పక్కన కూర్చుని, హాల్లోనే. నియమం ఒక్కటే: ముందు నీ జవాబు, తర్వాత ఏఐ. “జవాబు చెప్పు” అని అడగకూడదు. “ఇది నా జవాబు. ఇందులో ఎక్కడ లోపం ఉందో జవాబు చెప్పకుండా ఒక ప్రశ్న రూపంలో అడుగు” అని అడగాలి. అలా అడిగితే అది మంచి ట్యూషన్ మాస్టారులా పనిచేస్తుంది. ఇంకోటి, అది చెప్పింది తప్పు కావచ్చు. ఎంత ధీమాగా చెప్పినా సరే. నిజమో కాదో బల్బుతోనో, లెక్కతోనో, పుస్తకంతోనో తేల్చుకోవాలి. బల్బులు మార్చి చూసిన పిల్లకి ఆ అలవాటు నేర్పడం కష్టం కాలేదు.

నేను రాసిన దొంగ రీడింగులు

ఇక నా సంగతి. పిల్లకి నీతులు చెప్తుంటే నాకు నా డిగ్రీ ల్యాబ్ గుర్తొచ్చింది. సింపుల్ పెండ్యులం ప్రయోగం మనలో చాలామంది చేసే ఉంటారు. గురుత్వ త్వరణం 980 సెంటీమీటర్లు రావాలి. మాకు వచ్చేది కాదు. ఏం చేసేవాళ్లం? 980 నుంచి వెనక్కి లెక్కవేసి రీడింగులు రాసేవాళ్లం. రికార్డు అందంగా ఉండేది, సంతకం పడేది. పచ్చ టిక్కు అన్నమాట! యాప్ లేని రోజుల్లోనే మేం ఆ ఆట ఆడేశాం. ఫస్ట్ క్లాసులో పాసై కూడా, ఇన్నేళ్లుగా ఎవరైనా ఫిజిక్స్ అంటే నేను వెనక్కి జరగడానికి కారణం అదేనేమో.

ఫిబ్రవరిలో మంచు పడి స్కూల్ సెలవిచ్చిన రోజు, ఈ విషయం పాపకి చెప్పేశాను. పగలబడి నవ్వి, “యూ చీటెడ్!” అంది. సరే, ఇప్పుడు నిజంగా చేద్దామని, తలుపు ఫ్రేముకి దారం కట్టి, కింద సూట్‌కేసు తాళంకప్ప వేలాడదీశాం. దారం సరిగ్గా ఒక మీటరు. ఫోన్ స్టాప్‌వాచ్‌తో 20 ఊపులకి 40.6 సెకన్లు. ఒక్క ఊపుకి 2.03. లెక్క వేస్తే 9.58 వచ్చింది. రావాల్సింది 9.8.

నా చెయ్యి పాత అలవాటుకి పోయింది. “40.1 అనుకుందామా?” అన్నాను నవ్వుతూ. పాప ఒప్పుకోలేదు. “ఏదో మిస్ అయ్యాం” అని టేపు తీసుకుని మళ్లీ కొలిచింది. మేం కొలిచింది ముడి దాకా. ఊగుతున్నది తాళం. దాని మధ్య భాగం దాకా కొలవాలి. ఇంకో 3 సెంటీమీటర్లు కలిపితే 9.87. సరిగ్గా 9.8 కాదు. స్టాప్‌వాచ్ నొక్కడంలో ఆలస్యం, దారం సాగడం లాంటివి ఉంటాయి. కాగితం మీద 9.87 అనే రాశాం. నా జీవితంలో నేను నిజంగా కొలిచిన మొదటి విలువ అది. ఆ కాగితం ఫ్రిజ్ మీద ఉంది.

మీరు మొదలుపెట్టాలంటే

పెద్ద ఖర్చేమీ లేదు. వారానికి ఒక అరగంట చాలు.

ఏ వీడియో అయినా, సిమ్యులేషన్ అయినా ముందు ఊహ కాగితం మీద రాయించండి. చూశాక తేడా ఎందుకో వాళ్ల చేతే చెప్పించండి.

స్క్రీన్ మీద చూసినదాన్ని వీలైతే చేత్తో చేయించండి. కరెంటు ప్రయోగాలు డబుల్ ఏ బ్యాటరీలతోనే, గోడ ప్లగ్గుతో ఎప్పుడూ వద్దు. బ్యాటరీ రెండు కొసల్నీ ఉత్త వైరుతో నేరుగా కలిపితే వేడెక్కి చెయ్యి కాలుతుంది. ఫెట్‌లో ఆ పని చేస్తే బ్యాటరీకి మంటలొస్తాయి, ముందు అక్కడ చూపించండి. ఇంట్లో చిన్నపిల్లలుంటే బటన్ బ్యాటరీలు అసలు తీయకండి, మింగితే ప్రాణాపాయం. ఎల్ఈడీలతో ఈ రెండు బల్బుల ప్రయోగం కుదరదు, అవి ఒక దిశలోనే వెలుగుతాయి. ఫిలమెంట్ బల్బులే కావాలి.

“నువ్వు స్మార్ట్” అనడం తగ్గించి, పిల్లలు చేసిన పనిని పేరు పెట్టి చెప్పండి. “బల్బులు మార్చి చూడాలన్న ఆలోచన బాగుంది” లాంటి మాట పిల్లలకి గుర్తుంటుంది.

మీకు తెలియకపోతే తెలియదనండి. మీరు సైన్స్ చదవకపోయినా ఫర్వాలేదు. పెద్దవాళ్లు తెలియని దాన్ని ఎలా తేల్చుకుంటారో పిల్లలు చూడడం కూడా బందూరా చెప్పిన రెండో దారే.

తర్వాత ఏమైందని అడుగుతారని తెలుసు. మార్చిలో వచ్చిన టెస్టులో 61 కాస్తా 78 అయింది. ఏ ప్లస్ ఏమీ రాలేదు. కానీ ఒక ప్రశ్నకి తప్పు జవాబు రాసి, దాని పక్కనే ‘నా గ్రాఫ్ ఇలా ఉంది కానీ నా కారణం సరిపోవడం లేదు’ అని రాసింది. టీచర్ దాని కింద స్మైలీ వేశారు. టెస్టు ముందు రోజు కడుపునొప్పి అనలేదు.

ఇక ఆ ఎలెక్టివ్ ఫారం. గడువు చివరి రోజు బ్యాగులో పెడుతుంటే చూశాను. రోబోటిక్స్ మీద గీత రబ్బరుతో చెరిపేసి ఉంది. మొదటి ఛాయిస్ ఆర్ట్. రెండో ఛాయిస్‌గా రోబోటిక్స్ పక్కన చిన్న టిక్కు. నేనేమీ అడగలేదు. లంచ్ బాక్స్ ఇచ్చి బస్సెక్కించి వచ్చాను.